కాలినడకకు విడిచిన రాజవీథి

నగరమున వీథి యెవరిది? ఈ ప్రశ్నకు మన పూర్వులు తడుముకొనక బదులు చెప్పియుందురు: నడచువారిది అని. తేరు కదలుటకు, సంత సాగుటకు, పెండ్లివారు ఊరేగుటకు, సాయంకాలము అరుగుపై కూర్చున్నవారు దారినిపోవువారిని కుశలమడుగుటకు వీథియే చోటు. మోటారు వచ్చినపిదప నడచువాడు వీథి నడుమనుండి అంచునకును, అంచునుండి మురుగుకాలువమీది రాతిపలకలకును తొలగవలసివచ్చినది. బడికి పోవు బిడ్డ చేతిని గట్టిగ పట్టుకొని రోడ్డు దాటు తల్లిదండ్రులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ మార్పును కొంతవఱకైన వెనుకకు మఱల్చుటకై ఇరువదవ శతాబ్దమున అనేక నగరములు ఒక ప్రయోగము చేసినవి. నగరమధ్యమున నున్న ప్రధాన వాణిజ్యవీథినుండి కార్లను తొలగించి, దానిని పాదచారులకు మాత్రమే, లేదా పాదచారులకును, ప్రజలందఱు ఎక్కు బస్సులకును విడుచుటయే ఆ ప్రయోగము. వానిలో కొన్ని ఫలించినవి, పెక్కు విఫలమైనవి. నిలిచినవానిలో ప్రసిద్ధమైనది అమెరికా సంయుక్తరాష్ట్రములయందు కొలరాడో రాష్ట్రమునకు రాజధానియగు డెన్వరు నగరపు 16వ వీథి. అది యెట్లు పుట్టినదో, యెట్లు నిలిచినదో, నలుబదియేండ్ల పిమ్మట దానిని ఏల మరల త్రవ్వి కట్టవలసివచ్చినదో ఈ వ్యాసమున వివరింతును. కార్లను తొలగించుట సులభము, మనుష్యులను రప్పించుట కష్టము అను సత్యము ఆ వీథిచరిత్రలో అడుగడుగున కానవచ్చును.

‘మాల్’ అను మాట

నేడు మన పిల్లలు ‘మాల్’ అనగా శీతలయంత్రములు గల పెద్ద అంగడిభవనమని తలంతురు. ఆ మాటకు మొదట ఆ యర్థము లేదు. పదునేడవ శతాబ్దమున లండను నగరమున కొయ్యసుత్తితో బంతిని కొట్టి యాడు ‘పాల్‌మాల్’ అను ఆట యుండెను. ఆ యాటకై చెట్లవరుసల నడుమ ఏర్పఱచిన పొడవైన బాటకు ‘మాల్’ అను పేరు వచ్చినది. కొంతకాలమునకు ఆట పోయి బాట మిగిలినది; చెట్లనీడను జనులు వాహ్యాళికి పోవు త్రోవ యని దాని కర్థమేర్పడినది. వాణిజ్యవీథిని పాదచారులకు విడిచినప్పుడు దానిని మాల్ అనుట ఈ పాత యర్థమును బట్టియే.

రోగము, మందు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత అమెరికాలో మధ్యతరగతి కుటుంబములు పెద్ద సంఖ్యలో నగరములను విడిచి శివార్లలో ఇండ్లు కట్టుకొన్నవి. ఇంటింటికి కారు వచ్చినది. కార్లు గలవారి సౌకర్యమునకై శివార్లలోనే అంగళ్ల సముదాయములు వెలసినవి. వియన్నా నగరమున జన్మించి, 1938లో అమెరికాకు వలసవచ్చిన విక్టర్ గ్రూయెన్ అను వాస్తుశిల్పి మిన్నెసోటా రాష్ట్రములోని ఈడైనా అను ఊరియందు ‘సౌత్‌డేల్’ అను అంగడిసముదాయమునకు రూపకల్పన చేసెను. అది 1956లో తెఱవబడెను. ఒకే పైకప్పు క్రింద, చలియు వేడియు సోకకుండ పూర్తిగ మూసి కట్టిన అంగడిసముదాయములలో ఆ దేశమున అదియే మొదటిది. దాని చుట్టును కార్లు నిలుపుటకు విశాలమైన మైదానము. ఇట్టివి దేశమంతట వ్యాపించుటచే నగరమధ్యములలోని పాత అంగళ్లకు బేరములు తగ్గినవి.

చిత్రమేమనగా, ఆ రోగమునకు మందు వ్రాసినవారిలోను గ్రూయెన్ ముఖ్యుడు. ఆయన పథకమును ఆధారము చేసికొని మిషిగన్ రాష్ట్రములోని కలమజూ నగరము 1959లో తన ప్రధాన వాణిజ్యవీథిలో కొంతభాగమును కార్లకు మూసివేసెను. అమెరికాలో మొదటి పాదచారి మాల్ అదియే. తరువాతి యిరువదియేండ్లలో సుమారు 200 ఊళ్లు ఆ మార్గమునే త్రొక్కినవి. కాని వానిలో అధికభాగము మరల కార్లకు తెఱవబడినవి. కలమజూ 1998లోను, 1964లో మూసిన వీథిని కాలిఫోర్నియాలోని ఫ్రెజ్నో నగరము 2017లోను తిరిగి తెఱచినవి. కారు పోయినది గాని కారునకు బదులుగ మఱియొక సాధనము రాలేదు. పగలు కచేరీలలో పనిచేయువారు సాయంకాలము ఇండ్లకు మఱలగనే వీథి నిర్జనమైనది. నిర్జనమైన వీథి యెంత సుందరమైనను భయమునే కలిగించును.

మిన్నియాపొలిస్ నగరము 1967లో మఱియొక త్రోవను కనిపెట్టినది. నికొలెట్ అను తన వాణిజ్యవీథినుండి కార్లను తొలగించి బస్సులను మాత్రము ఉండనిచ్చినది. లారెన్స్ హాల్‌ప్రిన్ అను ప్రసిద్ధ ఉద్యానశిల్పి ఆ బస్సుబాటను తిన్నగ గాక వంపులుగ తీర్చెను. పాదచారులకును బస్సులకును ఉమ్మడియైన వీథి యను భావము అమెరికాలో ఇట్లు రూపుదాల్చినది. అయితే బస్సు ఒక్కటియే చాలదని షికాగో నగరము చూపినది. అచట స్టేట్ వీథిని 1979లో ఈ రీతిగనే మార్చిరి. వెడల్పుచేసిన కాలిబాటలపై జనము పలుచబడి వీథి వెలవెలబోయెను. 1996లో కార్లను తిరిగి రానిచ్చిరి. ఇట్టి జయాపజయముల నడుమ పుట్టినది డెన్వరు వీథి.

డెన్వరు కథ

డెన్వరు రాకీ పర్వతములకు తూర్పున సముద్రమట్టమునకు 5,280 అడుగుల యెత్తున, అనగా సరిగ నొకమైలు ఎత్తున నున్న నగరము. 16వ వీథి అచట పూర్వమునుండి పెద్ద దుకాణములకు పేరెన్నికగన్నది. వానిలో డేనియల్స్ అండ్ ఫిషర్ అను దుకాణమువారు వెనిస్ నగరములోని సెయింట్ మార్కు ఘంటాగోపురమును పోలునట్లు కట్టించిన ఉన్నతగోపురము నేటికిని ఆ వీథికి గుఱుతు. ఆ నగరమున ట్రాములు 1950లో నిలిచిపోయెను. అటుపిమ్మట కారుదే రాజ్యము.

1967లో నగరవాసులు ఓటువేసి ‘స్కైలైన్’ అను పునర్నిర్మాణ పథకమునకు సమ్మతి తెలిపిరి. నగరమధ్యమున నాలుగు వీథుల నడుమ చదరములవలె నున్న ఖండములు సుమారు ముప్పది నేలమట్టము చేయబడెను. శిథిలములైనవానితో పాటు దృఢములైన పాత కట్టడములును కూలినవి. డేనియల్స్ అండ్ ఫిషర్ దుకాణము కూలినను దాని గోపురమును మాత్రము మిగిల్చిరి. ఆ ప్రాంతపు చౌకబసలలో తలదాచుకొనుచుండిన వృద్ధులు, కూలివారు చెదరిపోయిరి. నూతనభవనముల చిత్రపటములలో వారి జాడ కానరాదు. నగరమును బాగుచేయుదుమని పూనుకొన్నప్పుడు ఆ బాగునకు మూల్యము నెవరు చెల్లించుచున్నారో చూడవలెనని ఈ ఘట్టము హెచ్చరించుచున్నది. ఇదే కాలమున డానా క్రాఫర్డ్ అను మహిళ లారిమర్ వీథిలో ఒక ఖండమునందలి పాత కట్టడములను కూల్చకుండ కాపాడి, మరమ్మతు చేయించి, అంగళ్లకును భోజనశాలలకును అనువుపఱచెను. పాతదానిని నిలిపియు లాభము గడింపవచ్చునని ఆమె ఋజువు చేసినది.

కూల్చినచోట ఎత్తైన కచేరీభవనములు లేచినవి. వానిలో పనిచేయువారిని తీసికొనివచ్చు బస్సులు నాలుగు దిక్కులనుండియు నగరమధ్యమున చొచ్చుకొనివచ్చి, ఇఱుకైన వీథులలో ఒకదానివెనుక నొకటి నిలిచిపోవుచుండెను. ఈ చిక్కును విడదీయుటకు ప్రాంతీయ రవాణాసంస్థవారు ఒక యుపాయము చేసిరి. దూరమునుండి వచ్చు బస్సులు నగరమధ్యములోనికి రాక, 16వ వీథి రెండు కొనలయందు కట్టిన బస్సుస్టేషన్లలో ఆగిపోవలెను. ఆ రెండు కొనల నడుమ ఇటునటు తిరుగుటకు వేఱు బస్సులుండవలెను. వానికి టిక్కెట్టు ఉండరాదు. వీథిలో కార్లు ఉండరాదు.

1982 అక్టోబరులో ఈ మాల్ ప్రారంభమైనది. నిడివి సుమారు ఒక మైలు. ఇతర నగరములలో పాదచారి మాల్ అంగళ్లను బ్రతికించు అలంకారముగ పుట్టినది. డెన్వరులో అది బస్సుల రద్దీని తీర్చు సాధనముగ పుట్టినది. అలంకారము వెలిసిపోవచ్చును గాని అవసరము వెలిసిపోదు. పనికి పోవువాడు, వైద్యునికడకు పోవు వృద్ధుడు, పుస్తకములు మోయు విద్యార్థి, చక్రముల కుర్చీలోని వికలాంగుడు ప్రతిదినము ఆ వీథికి రావలసియే యుండెను. రద్దీవేళలలో ఒకటి రెండు నిమిషముల కొక బస్సు వచ్చుచుండెను. ప్రతి కూడలియందును ఆగుచుండెను. చెల్లింపు లేనందున ఎక్కుటకును దిగుటకును ఆలస్యము లేదు. ప్రతి పౌరునికిని ఒక మైలు పొడవున వీథి తనదే యనిపించుచుండెను.

80 అడుగుల పంపకము

వీథి నిర్మాణమును ఐ. ఎం. పై అను ప్రఖ్యాత వాస్తుశిల్పి సంస్థకు అప్పగించిరి. హెన్రీ కాబ్ ప్రధానశిల్పి. చెట్లు, నేల మొదలగువానిని ఏర్పఱచుటలో లారీ ఓలిన్ తోడ్పడెను. ఒకవైపు గోడనుండి ఎదుటివైపు గోడవఱకు వీథి వెడల్పు 80 అడుగులు. నడిమి ఖండములలో దానిని వారు ఇట్లు పంచిరి. ఇరువైపుల అంగళ్ల ముందు 19 అడుగుల చొప్పున కాలిబాటలు. వాని ప్రక్కన రాకకొకటి పోకకొకటిగ 10 అడుగుల చొప్పున రెండు బస్సుబాటలు. నట్టనడుమ 22 అడుగుల వెడల్పున చెట్లవరుసలతోడి విహారస్థలము. లెక్క కట్టినచో 80 అడుగులలో 60 అడుగులు మనుష్యులకును, 20 అడుగులు మాత్రమే చక్రములకును దక్కినవి. మన వీథులలో ఈ లెక్క సాధారణముగ తలక్రిందులై యుండును.

ఎఱుపు, లేతబూడిద, ముదురుబూడిద రంగుల గ్రానైటు పలకలను నేలయంతట పఱచి, పడమటిదేశపు గిలకపాము వీపుమీది వజ్రాకారపు మచ్చలను తలపించు చిత్రమును కూర్చిరి. ఎత్తైన భవనములలోనుండి చూచువారికి వీథి యొక పొడవైన రత్నకంబళమువలె కనబడుచుండెను. వట్టి తారురోడ్డు చాలక ఇంత శ్రమయేల యని కొందఱనవచ్చును. రాజప్రాసాదమునకు మాత్రమే తగునని తలచిన శిల్పమును ప్రజలు త్రొక్కు నేలకు ప్రసాదించుటలో ఒక గౌరవము గలదు. నడచువాడును మన్నింపదగినవాడే యని ఆ నేల పలుకుచుండెను.

చుట్టుప్రక్కల పెరుగుదల

వీథి తెఱచిన కొలదికాలమునకే గడ్డుదినములు వచ్చినవి. చమురు వ్యాపారముపై ఆధారపడిన డెన్వరు, 1980ల నడుమ చమురుధరలు పడిపోవుటతో చితికినది. కచేరీభవనములు ఖాళీయైనవి. పెద్ద దుకాణములు ఒక్కటొక్కటిగ మూతబడినవి. డెన్వరు డ్రై గూడ్స్ అను పాత దుకాణము 1987లో మూయబడెను. మాల్ యే సర్వరోగనివారిణియైనచో ఇవి జరుగవలసినది కాదు. వీథి తనంతట తాను వ్యాపారమును సృష్టింపజాలదు. చుట్టునున్న బ్రతుకునకు మార్గము కాగలదు, అంతియే.

ఆ బ్రతుకును రప్పించినవి చుట్టుప్రక్కల జరిగిన పనులు. 1988లో నగరసంస్థవారు వీథికి వాయవ్యమున నున్న పాతగిడ్డంగుల పేటను చారిత్రకస్థలముగ ప్రకటించి కూల్చివేతను అడ్డుకొనిరి. ఇటుకగిడ్డంగులు క్రమముగ ఇండ్లుగను, కచేరీలుగను, భోజనశాలలుగను మాఱినవి. మూతబడిన డెన్వరు డ్రై భవనమును పునర్నిర్మాణసంస్థవారు తీసికొని 1990లలో అంగళ్లతో పాటు నివాసగృహములుగ మార్పించిరి; వానిలో కొన్ని తక్కువ రాబడిగలవారికై ప్రత్యేకింపబడెను. అంగడివీథి నడుమ రాత్రివేళ దీపములు వెలుగు ఇండ్లు ఏర్పడుట గొప్ప మార్పు. ఇల్లున్నచోట పాలు కొనువారుందురు, కుక్కను త్రిప్పువారుందురు, కిటికీనుండి చూచువారుందురు. ఆ చూపే వీథికి కావలి.

1994లో విద్యుచ్ఛక్తితో నడచు తేలికరైలు వచ్చి 16వ వీథిని అడ్డముగ దాటినది. కొంతకాలమునకు ఉచిత బస్సుల మార్గమును పాత రైలుస్టేషనగు యూనియన్ స్టేషనువఱకు పొడిగించిరి. ఆ స్టేషను 2014లో నవీకరింపబడి బస్సులకును రైళ్లకును కూడలియైనది. 2016నుండి విమానాశ్రయపు రైలును అచటనుండియే బయలుదేరుచున్నది. ఇట్లు ఒక కొనను రాష్ట్రశాసనసభాభవనపు సమీపము, రెండవ కొనను రైలుస్టేషను, నడుమ ఒక మైలుకు పైబడిన పాదచారి వీథి. ట్రాములు తొలగించిన నగరము నలుబదినాలుగేండ్లకు మరల వీథిలో పట్టాలు పఱచుకొనుట కాలపరిహాసమే.

పోషణభారము

కట్టినవారికి కీర్తి, కాపాడినవారికి శ్రమ. గ్రానైటు పలకల క్రింద నీరుచేరి, చలికాలమున గడ్డకట్టి, వేసవిని కరగి, పలకలను కదల్చుచుండెను. వానిపై రోజంతయు బస్సులు పోవుచుండెను. పలకలు పగులుట, తీసి మరల పఱచుట, ఇట్లు మరమ్మతులకే యేటేట పెద్దమొత్తము వ్యయమగుచుండెను. తడిసినప్పుడు నేల జాఱుచుండెను. చెట్లవేళ్లకు చోటు చాలక అవి నీరసించినవి. వీథిని ఊడ్చుట, దీపములు, పూలకుండీలు మొదలగువాని పోషణకై నగరమధ్యమున ఆస్తిగలవారు ప్రత్యేకమైన చందా చెల్లించు ఏర్పాటును చేసికొనిరి. 1992నుండి అది నగరమధ్యాభివృద్ధి మండలముగ పనిచేయుచున్నది. వీథివలన లాభపడువారే వీథిని పోషింపవలెనను ఈ నియమము లేకున్నచో అది షికాగో వీథివలెనే ముగిసియుండును.

2020లో వచ్చిన మహమ్మారి మఱియొక దెబ్బ. ఉద్యోగులు ఇంటియొద్దనే పనిచేయనారంభించుటచే కచేరీలు వట్టిపోయినవి. ఇట్టి సమయముననే, 2022లో, వీథిని మొదలంట త్రవ్వి కట్టు పని ఆరంభమైనది. మూడున్నరయేండ్లు సాగి 2025 అక్టోబరులో ముగిసినది. సుమారు 17 కోట్ల 50 లక్షల డాలర్లు వ్యయమైనవి. ఆ కాలమున చిన్నదుకాణముల ముందు కంచెలు, దుమ్ము, యంత్రధ్వనియే మిగిలినవి. నగరసంస్థవారు నష్టపడిన వర్తకులకు ధనసహాయము చేసిరి. అయినను కొన్ని అంగళ్లు నిలువలేకపోయినవి.

ఈ మాఱు బస్సుబాటలను రెంటిని వీథి నడుమకు చేర్చి, ఇరుప్రక్కల కాలిబాటలను విశాలము చేసిరి. నట్టనడుమ రెండు బస్సుల మధ్య కూర్చుండుటకు జనులు అంతగ ఇష్టపడరనియు, అంగడిముందర, చెట్టునీడను కూర్చుండగోరుదురనియు నలుబదియేండ్ల అనుభవము నేర్పినది. రంగుపలకల చిత్రమును విడువక నిలుపుకొని, క్రింద నీరు పోవుటకు తగిన ఏర్పాట్లు చేసి, చెట్లవేళ్లకు చాలినంత మట్టి నొసగిరి. ‘మాల్’ అను మాటను తీసివేసి ‘16వ వీథి’ యని పాతపేరునే మరల నిలిపిరి. అది మొదటినుండియు వీథియే గదా!

మనకు సంబంధించినది

దూరదేశపు వీథికథ మన బడిపత్రికకు ఏలయని కొందఱు తలపవచ్చును. చెన్నపట్టణమున త్యాగరాయనగరమును ఎఱుగని తెలుగువారు అరుదు. ఆ పేట పేరు తెలుగువాడును, ఆ నగరసంస్థకు అధ్యక్షుడుగ పనిచేసినవాడును అగు పిట్టి త్యాగరాయశెట్టిగారిది. అందలి పనగల్లు ఉద్యానము మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగ నుండిన పానుగంటి రామరాయణింగారి, అనగా పానగల్లు రాజాగారి స్మృతిచిహ్నము. ఆ పేటలోని పాండీబజారు, అనగా త్యాగరాయరోడ్డు, 2019 నవంబరులో పాదచారుల వీథిగ తీర్చబడినది. అచట కార్లను పూర్తిగ తొలగింపలేదు. కాలిబాటలను బాగుగ వెడల్పుచేసి ఆసనములను అమర్చిరి. 2023లో మాంబళం రైలుస్టేషనునుండి త్యాగరాయనగరపు బస్సుస్టాండువఱకు సుమారు 570 మీటర్ల పొడవున ఎత్తైన నడకవంతెనయును తెఱవబడెను. రైలు, బస్సు, కాలినడక ఈ మూటిని ముడివేయుటయే డెన్వరు చేసిన పనియు. కావున ఈ కథ మన గడపవఱకు వచ్చినదే.

మీ నగరమున నేడో ఱేపో ఒక వీథిని నడచువారికి విడుతుమని పురపాలకసంఘమువారు ప్రకటింపవచ్చును. అప్పుడు చిత్రపటములలోని పూలచెట్లను చూచి మురియుటకు ముందు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలడుగుట మంచిది. కారు లేనివారు అచటికి ఏ సాధనమున వత్తురు? అంగళ్లు మూసినపిమ్మట అచట నివసించువారెవరు, ఇప్పుడున్న బీదలకును చిన్నవర్తకులకును అందు చోటున్నదా? పదియవ యేట ఆ నేలను ఊడ్చి, పగిలిన రాతిని మార్చువారెవరు? ఈ మూటికి బదులున్న వీథి నిలుచును. లేనిది కొలదికాలమునకే కార్లపాలగును.

ఈ ప్రశ్నలు అడుగుట మన బిడ్డలకొఱకే అవసరము. పదునెనిమిదేండ్లు నిండువఱకు ఏ బాలుడును మోటారు నడపుటకు అర్హుడు గాడు. వాని స్వాతంత్ర్యమంతయు వాని కాళ్లలోను, వాడు ఒంటరిగ ఎక్కగల బస్సులోను ఉన్నది. తండ్రి చేయి పట్టుకొనక బడికి, గ్రంథాలయమునకు, స్నేహితుని యింటికి భయము లేక పోగలిగిన బాలుడు ఆ నగరమును తనదిగ ఎఱుగును. తరతరములుగ అన్యభాషా ప్రాంతమున స్థిరపడిన మనవంటివారికి, మన పిల్లలు ఇంటిభాషను ప్రేమించుచు, తాము నివసించు నగరమును గూడ తమదిగ భావింపవలెనను కోరిక సహజము. ఆ భావము పాఠములవలన కొంత కలుగును. ఇంటిముందరి వీథిని నిర్భయముగ నడచుటవలన మఱికొంత కలుగును.